మాబున్ని ఫోన్‌లో మాట్లాడిన రోజు

నా పదవీ విరమణ సభలో ఒక ఆఫీసరు మైకు పట్టుకొని, "ఈరన్న గారు ఎండనక వాననక లైన్లు రిపేరు చేశారు" అని చెప్పి కూర్చున్నాడు. నా ఉద్యోగం మొత్తానికి దక్కిన మాట అది. శాలువా కూడా కప్పారు. శాలువా చలికాలానికి పనికొచ్చింది, ఆ మాట మాత్రం ఎందుకూ పనికి రాలేదు. ఇప్పటికీ గుర్తొస్తే నాకు రగులుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతాల్లో టెలిఫోన్ శాఖ టెక్నీషియన్‌గా నేను చేసిన పని రిపేరు కాదు. రిపేరు సైకిల్ షాపులో చేస్తారు. ఒక మనిషి లోపలున్న మాట ఇంకో మనిషి లోపలికి చేరాలి, ఆ మధ్యనున్న దూరమంతా నాది. అందులో స్తంభాలు ఉంటాయి, వాన ఉంటుంది, తీగ మీద గూడు కట్టిన పక్షి ఉంటుంది, ఫైలు మీద కూర్చున్న ఆఫీసరు ఉంటాడు. వీటన్నిటినీ దాటించి మాటను చేర్చాలి. ఇప్పుడు ఫైబర్ పనిలోకి, సాఫ్ట్‌వేర్‌లోకి పోతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు, ఈ పని ఎట్లుంటుందని అడుగుతుంటారు. నాకు ప్రమోషన్ ఎందుకు ఆలస్యమైందో, ఎవరి వల్ల ఆలస్యమైందో చెప్పమంటే పొద్దు పోయేదాకా చెప్పగలను. అది మీకు అక్కర్లేదు. మీకు పనికొచ్చేది చెబుతాను.

చెవి పెట్టు, మనసు పెట్టొద్దు

నాకు పని నేర్పిన పెద్ద లైన్‌మన్ మొదటి రోజే ఒక రిసీవరు చేతికిచ్చాడు. దానికి రెండు క్లిప్పులుంటాయి. స్తంభం ఎక్కి ఏ తీగకు తగిలిస్తే ఆ తీగలో మాట వినపడుతుంది. లైను బతికుందో లేదో తెలుసుకోవడానికి అదొక్కటే దారి. తగిలించాను. ఎవరో పత్తి వ్యాపారి తన బావమరిదిని తిడుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. కిందినుంచి ఆయన అన్నాడు: "చెవి పెట్టప్పా, మనసు పెట్టొద్దు."

ఆ ఒక్క మాట మీదే నా ఉద్యోగం నడిచింది. ఊరందరి మాటా నా చెవి మీదుగా పోయింది. ఎవరింట్లో ఏం జరుగుతుందో తెలిసినా నేను తెలియనట్టే తిరిగాను. బజారులో ఎదురుపడితే మామూలుగా నమస్కారం పెట్టాను. మీలో సర్వర్ల దగ్గర కూర్చునేవాళ్లు, జనాల ఫొటోలు, సందేశాలు ఉండే చోట పనిచేసేవాళ్లు ఈ మాట రాసి పెట్టుకోండి. తాళం చెవులు మన దగ్గరున్నాయంటే ఇల్లు మనదని కాదు.

స్క్రూ తిప్పని మార్పు

పాత ఎక్స్ఛేంజిలో పెద్ద హాలు నిండా ఇనుప స్విచ్చులుండేవి. ఎవరు నంబరు తిప్పినా అవి టకటకమని కొట్టుకునేవి. మధ్యాహ్నం మార్కెట్ యార్డులో పత్తి టెండర్లు పడే సమయానికి ఆ హాలు రేకుల మీద వడగళ్లు పడ్డట్టు మోగేది. ఏ స్విచ్చు మొరాయించినా చప్పుడును బట్టి పట్టుకునేవాళ్లం.

తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. హాలు ఖాళీ అయింది, బీరువాలంత పెట్టెలు మిగిలాయి. చప్పుడు లేదు. ఒక రోజు హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరు వచ్చి, చొక్కా నలగకుండా కూర్చొని, ఒక టేపు ఎక్కించి పోయాడు. మర్నాటినుంచి ఆదోనిలో ఒక ఫోన్‌కు వచ్చిన కాల్ ఇంకో ఫోన్‌కు దానంతట అదే మళ్లడం మొదలైంది. ఒక తీగ మార్చలేదు, ఒక స్క్రూ తిప్పలేదు. నిన్నటి యంత్రమే నేడు కొత్త విద్య నేర్చుకొని కూర్చుంది.

నేను ఆ పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇనుమును మార్చాలంటే సుత్తి కావాలని అప్పటిదాకా అనుకున్నాను. రాత చాలునని ఆ రోజు తెలిసింది. ఎక్కడో ఒక మనిషి కూర్చొని 'ఇట్లయితే అట్ల చెయ్యి' అని రాసిన దాన్ని, ఆ మనిషిని ఎన్నడూ చూడని యంత్రం ఇక్కడ ఆదోనిలో పాటిస్తోంది. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్ అన్న మాట వింటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

ఆ ఇంజినీరుకు నన్ను పరిచయం చేస్తూ మా పెద్ద సారు "మా లైన్ల మనిషి" అన్నాడు. పేరు చెప్పలేదు. అదీ గుర్తుంది.

తిక్కయ్య బూత్

కోసిగి బస్టాండు దగ్గర తిక్కయ్య ఎస్టీడీ బూత్ నడిపేవాడు. కోసిగి నుంచి పనులు లేని నెలల్లో సగం ఊరు బెంగళూరు, ముంబై వైపు పోతుంది. పోయినవాళ్లు సాయంత్రం బూత్‌కు ఫోన్ చేస్తారు. తిక్కయ్య మనిషిని పంపి ఇంట్లోవాళ్లను పిలిపిస్తాడు. అట్లా పిలిపించుకున్నవాళ్లలో మాబున్ని ఒకతె. పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. బడికి పంపలేదు కాబట్టి అక్షరం రాదు. చేతులతో మాట్లాడుతుంది. ఆ సైగలు ఏ పుస్తకంలోనూ ఉండవు, వాళ్లింట్లో పుట్టినవి. రెండు చేతులతో పత్తి విడదీసినట్టు చూపితే ఆదోని. చెయ్యి అటూ ఇటూ మగ్గం నాడెలా ఆడిస్తే ఎమ్మిగనూరు. ఒక చేతి మీద ఇంకో చెయ్యి పెడుతూ పైపైకి పోతే బెంగళూరు. ఎడమ కనుబొమ్మ మీద వేలు పెడితే ఖాజా, ఆమె మొగుడు. అతనికి అక్కడ గాయం మచ్చ ఉంది. ఖాజాకు చెవులు, మాట అన్నీ బాగున్నాయి. పెళ్లయ్యాక ఆమె చేతుల భాష నేర్చుకున్నాడు. బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు.

ఖాజా ఫోన్ చేస్తే తిక్కయ్య రిసీవరు చెవికి పెట్టుకొని, విన్నది ఒక చేత్తో ఆమెకు సైగ చేసేవాడు. ఆమె సైగ చేస్తే అర్థమైనంత నోటితో చెప్పేవాడు. బూత్ చుట్టూ గాజు పలకలు. తమ కాల్ కోసం నిలబడ్డవాళ్లంతా చూస్తుండేవాళ్లు. చెవులున్న ఆలుమగలు గొంతు తగ్గించుకొని మాట్లాడుకోవచ్చు. ఆమెకు తగ్గించుకోవడానికి గొంతు లేదు.

ఒక సాయంత్రం నేను బయట పెట్టె తెరిచి తీగలు చూస్తున్నాను. ఖాజా ఏదో చెప్పాడు. తిక్కయ్య చెయ్యి సగంలో ఆగింది. అది ఏమిటో నేను రాయను, కొత్తగా పెళ్లయిన మొగుడు పెండ్లానికి చెప్పుకునే మాట. తిక్కయ్య మొహమాటపడుతూనే చూపించాడు. వెనకున్న ఒకడు అందుకొని దాన్ని ఇంకా పెద్దగా అభినయించాడు. గుంపంతా నవ్వింది. మాబున్ని కొంగు ముఖానికి కప్పుకొని వెళ్లిపోయింది. మళ్లీ ఆ బూత్ మెట్టు ఎక్కలేదు.

తిక్కయ్య నా దగ్గరికి వచ్చి, "నేనేం సేసేది సార్. ఆయప్ప సెప్పమన్నాడు, నేను సూపించినా" అన్నాడు. అతని తప్పు లేదు. మేమంతా పెట్టిన తీగలదే తప్పు. మా శాఖలో ఉన్న సమస్తం చెవులున్నవాళ్ల కోసం ఉంది.

అప్పుడే నేను పత్రికలో బొమ్మ కనపడే టెలిఫోన్ గురించి చదివాను. పెద్ద నగరాల్లో వచ్చిందట. మా పెద్ద సారు దగ్గరికి పోయి, అది మన వైపు ఎప్పటికి వస్తుంది, వస్తే కోసిగిలో ఒకటి పెట్టించమని అడిగాను, కారణం కూడా చెప్పాను. గదిలో నలుగురున్నారు. ఆయన టీ తాగుతూ అన్నాడు: "చెవిటిదానికి టెలిఫోన్ కావాలంటావు. రేపు గుడ్డోళ్లకు టార్చిలైటు అడుగుతావా ఈరన్నా?"

నలుగురూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు పేర్లతో సహా గుర్తుంది.

రేగడి నేల

ఇంకొన్నేళ్లకు ఆప్టికల్ ఫైబర్ వచ్చింది. మొదటిసారి దాని పైతొడుగు ఒలిచి లోపలి పోగు చూసినప్పుడు నేను నమ్మలేదు. తల వెంట్రుకంత గాజు. అందులో వెలుగు పరిగెత్తుతుంది. ఆ వెలుగు మిణుకుల్లో ఆదోని మాటలన్నీ, ఎమ్మిగనూరు మాటలన్నీ ఒకదానికొకటి తగలకుండా పోతాయి. రెండు పోగులను ఎదురెదురుగా పెట్టి కరిగించి అతికే యంత్రానికి చిన్న తెర ఉంటుంది. అందులో రెండు గాజు కొసలు ఒకదానికొకటి దగ్గరై, ఒక మెరుపు మెరిసి, గీత మాయమై ఒకటే అయిపోతాయి. నేను ఎన్నిసార్లు చేశానో, అన్నిసార్లూ ఊపిరి బిగపట్టే చూశాను. ఆ ఆశ్చర్యం పోయిన రోజు ఈ పని మానేయండి. జాయింట్లు చెడగొడతారు.

కోసిగి దారిలో తీగ వేసేటప్పుడు నేనొక మాట చెప్పాను. అక్కడ రేగడి నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే ఉబ్బి మూసుకుంటుంది. నేల ఇట్లా ఊపిరి పీల్చి వదిలే చోట తీగను బిగువుగా వేస్తే జాయింటు లాగుకుపోతుంది, గుంతలో రెండు మూడు చుట్లు వదులుగా పెట్టాలి అన్నాను. పెద్ద సారు ఒప్పుకోలేదు. తీగ వృథా అన్నాడు. నేల కూడా నీ మాదిరే ఎప్పుడూ గుంజుతుంటుందా అన్నాడు. ఎండాకాలం వచ్చింది, జాయింటు లాగుకుపోయింది. నేను ఫిర్యాదు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. ఇట్లా రాసి రాసి, చివరికి విసుగెత్తి చుట్లు పెట్టుకోమన్నారు. నువ్వు చెప్పింది నిజమేనని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

ఆ జాయింటు మళ్లీ తెగలేదు. తర్వాత కోసిగిలో లేచిన టవరుకు ఇంటర్నెట్ ఆ తీగ మీదనే పోయింది.

ఎవరి చెవులు

ఇప్పుడు పిల్లలు నన్ను కృత్రిమ మేధ గురించి అడుగుతారు. ముసలాయన తిడతాడేమో, విని నవ్వుదామని చూస్తారు. నేను తిట్టను. నా ఫోన్‌తో తెలుగులో మాట్లాడితే జవాబు చెబుతోంది. ఎమ్మిగనూరు చీర అంచు ఫొటో తీసి చూపిస్తే దాని అల్లిక గురించి చెబుతోంది. తప్పులూ చెబుతుంది, దబాయించి మరీ చెబుతుంది. అట్లాంటి ఆఫీసర్ల కింద పనిచేసినవాణ్ణి కాబట్టి నాకది కొత్త కాదు. అయినా వెలుగు పోగును మొదటిసారి చూసినట్టే దాన్నీ చూస్తున్నాను.

నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ఎవరిని చూసి నేర్చుకుంది? ఎవరిని చూడలేదు? సాఫ్ట్‌వేర్ రాసేవాడు తన ఒంటిని కొలతగా పెట్టుకొని రాస్తాడు. అతను దుర్మార్గుడు కాడు. అతనికి చెవులున్నాయి, అంతే. ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఒక వేప చెట్టు కింద తెలిసింది.

వేప చెట్టు కింద

నా ఉద్యోగంలో అతి ముఖ్యమైన రోజు ఉద్యోగం అయిపోయాక వచ్చింది. తిక్కయ్య ఫోన్ చేశాడు. అప్పటికి బూత్ పోయి రీచార్జి షాపు అయింది. బెంగళూరులో ఖాజా కట్టడం చుట్టూ కట్టిన కర్రల సారువ మీదినుంచి పడ్డాడు. కాలికి ఆపరేషన్ అయింది, ప్రాణానికి భయం లేదు. తోటి పనివాళ్లు ఫోన్ చేసి చెప్పారు. ఇక్కడివాళ్లు మాబున్నికి బాగున్నాడని చేతులతో చెప్పారు. ఆమె నమ్మడం లేదు. అన్నం ముట్టడం లేదు. 'కాలు', 'ఆస్పత్రి' అన్న రెండు సైగలు చూసి, కాలు తీసేశారని మనసులో పెట్టుకుంది. ఎవరు బాగున్నాడని చూపినా వాళ్ల చేతులు కొట్టేస్తోందట.

"ఇన్నేండ్లు ఆయమ్మకు అందరం బాగుండాడు, బాగుండాడు అని సూపించినాం సార్," అన్నాడు తిక్కయ్య. "జొరమొచ్చినప్పుడూ అదే, బాగున్నప్పుడూ అదే. ఇప్పుడు ఎట్ల నమ్ముతాది?"

వాళ్లింట్లో బొమ్మ కనపడే ఫోన్ లేదు. నా ఫోన్‌లో వీడియో కాల్ ఉంది, కోసిగి టవరు కింద నెట్ ఉంది. బస్సెక్కి పోయాను.

నన్ను చూడగానే ఆమె పిడికిలి చెవి దగ్గర పెట్టుకొని, కనుబొమ్మలు ముడిచి, చూపుడు వేలు ఆడించింది. నాకర్థం కాలేదు. తిక్కయ్య నవ్వు ఆపుకుంటూ, "మీరే సార్. మీ పేరు అది" అన్నాడు. ఫోన్ పట్టుకొని అందరినీ కసురుకునేవాడు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో నా పేరు అదట. నాకు కోపం వచ్చింది. నా ముఖం చూసి చుట్టూ ఉన్నవాళ్లు అదే, అదే అన్నారు.

ఇంటి ముందు వేప చెట్టు కింద వెలుతురు బాగుంది, సిగ్నలూ బాగుంది. ఫోన్ చేత్తో పట్టుకుంటే ఒక చెయ్యి మూగదవుతుంది కదా, అందుకని స్టూలు మీద చెంబుకు ఆనించి పెట్టాను. ఆమెను ముందు కూర్చోబెట్టాను. ఆమె వెనక వీధి వీధంతా చేరింది. బెంగళూరులో ఖాజా మంచం మీదున్నాడు, ఒక తోటి పనివాడు ఫోన్ పట్టుకున్నాడు.

తెరలో మొగుడి ముఖం కనపడగానే ఆమె చేతులు పరిగెత్తాయి. ఖాజా చూశాడు. నుదురు ముడిచాడు. ఏమీ అర్థం కానట్టు తల ఆడించాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ తల ఆడించాడు. ఆమె ముఖం పాలిపోయింది. అడిగిన దానికి జవాబు దాస్తున్నాడని అనుకుంది. నమ్మించడానికి వచ్చి, ఉన్న భయాన్ని రెట్టింపు చేశాను.

"సార్," ఖాజా గొంతు వచ్చింది, "దాని చేతులు అలుక్కపోతాండాయి. ఏం అడుగుతాందో తెలీలే. ముక్కలు ముక్కలుగా కనపడతాంది."

విచిత్రమేమిటంటే గొంతులో చిన్న గరగర కూడా లేదు. అప్పుడు తట్టింది. నెట్ చాలనప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ముందు బొమ్మను వదిలేసి గొంతును కాపాడుతుంది. ఎవరో అట్లా రాశారు. వాళ్లకు మాట అంటే గొంతు. ఇక్కడ మాట అంటే బొమ్మ. ధ్వని కట్టేస్తే బొమ్మకు కాస్త చోటు దొరుకుతుందని, మైకు తీసేస్తున్నానని చెప్పాను.

"మీకు పుణ్యముంటాది సార్, అది తీయొద్దు," అన్నాడు ఖాజా. "దాని గాజులు ఇనపడతాండాయి."

నా వేలు ఆగిపోయింది. గొంతు లేని మనిషి నుంచి ఖాజా ఇన్నేళ్లూ వింటున్నది ఆ గాజుల చప్పుడు. నాకు తట్టనే లేదు. నాకూ చెవులున్నాయి మరి.

ఇంకో దారి వెతకాలి. తెరలో మాబున్ని వెనక చూశాను. గాలికి వేపాకులు, ప్రతి ఆకూ కదులుతోంది. ఆకుల కింద జనం, ఒకడు మెడ చాస్తాడు, ఒకతె బిడ్డను భుజం మార్చుకుంటుంది. వీడియో పంపే పద్ధతి ఒక అద్భుతం. బొమ్మ మొత్తాన్ని ప్రతిసారీ పంపదు. మారిన దాన్నే పంపుతుంది, కదలకుండా ఉన్నదాన్ని పాతదే వాడుకొమ్మంటుంది. అందుకే ఇంత సన్నటి దారిలో మనిషి పడతాడు. ఇక్కడ కదలనిది ఏదీ లేదు. ఆమె చేతులకు చేరాల్సిన దారినంతా వేపాకులు, చూడవచ్చిన జనం తినేస్తున్నారు.

ఇంటి వెనక బండల గోడ ఉంది. ఎండ నేరుగా పడుతోంది. స్టూలు అక్కడికి మోయించి, గోడ ముందు ఆమెను కూర్చోబెట్టాను. జనం కూడా వెనకాలే వచ్చారు. పొమ్మన్నాను. ఒకామె నొచ్చుకుంది.

"మేమేమన్నా పరాయోళ్లమా సార్? గమ్మున నిలబడి సూస్తాం."

"నువ్వు నిలబడితే ఆమె మాట అక్కడికి పోదమ్మా," అన్నాను. అది మాటవరసకు అన్నది కాదు, కొలిచి చూడగలిగిన నిజం. ఆ రోజు సైన్సే నా పక్కన నిలబడి జనాన్ని బయటికి తోసింది. చివరికి తిక్కయ్య మిగిలాడు.

"నేను గూడనా సార్?"

"నువ్వే ముందు."

తలవంచుకొని నవ్వుతూ వెళ్లాడు. గోడ కదలలేదు. ఎండ కదలలేదు. ఆమె చేతులే కదిలాయి. ఖాజా ముఖం విప్పారింది. "ఇప్పుడు కనపడతాంది సార్. వేళ్లతో సహా."

ఆమె ఒక అరచేతి అంచుతో తన కాలి మీద కోసినట్టు చూపింది. అడిగింది. ఖాజా లేదన్నాడు. ఆమె నమ్మలేదు. దుప్పటి తియ్యమని చేత్తో లాగి చూపింది. తోటి పనివాడు దుప్పటి తీసి ఫోన్ అటు తిప్పాడు. తొడ దాకా పిండికట్టు, దాని చివర పాదం. అదీ ఆమెకు చాల్లేదు. కట్టు లోపల ఏముందో ఎవరికి తెలుసు? తన చేతి వేళ్లు ముడిచి విప్పి చూపింది. ఆడించు అంది.

కాస్త ఆలస్యమైంది. నెట్ ఆలస్యమో, నొప్పో తెలియదు. తర్వాత బొటనవేలు కదిలింది. దాని పక్క వేళ్లు కదిలాయి.

మాబున్ని తెర మీద ఆ వేళ్ల దగ్గర వేలు పెట్టి చాలాసేపు అట్లానే ఉంది. తర్వాత కళ్లు తుడుచుకొని ఒక పెద్ద ఊపిరి వదిలింది. రేగడి నేల కింద నేను పోరాడి పెట్టించిన చుట్ల మీదుగా ఆమె సైగ వెలుగై పోయి, నూర్ల మైళ్ల అవతల ఒక కాలి వేలిని ఆడించింది, ఆ కదలిక తిరిగి ఇక్కడి ఎండలోకి వచ్చింది. మధ్యలో ఎవరి చెయ్యీ లేదు. నేను నోరు తెరుచుకొని నిలబడ్డాను. మా పెద్ద సారును చెయ్యి పట్టి లాక్కొచ్చి ఆ గోడ దగ్గర నిలబెట్టాలనిపించింది.

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. పిడికిలి చెవి దగ్గర పెట్టి, కనుబొమ్మలు ముడిచింది. నా పేరు. గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ వెంటనే అదే చేత్తో వీధి వైపు చూపింది.

నేను గోడ అంచున, తెరలో పడే చోట ఉన్నాను. నేనూ కదులుతున్నవాణ్ణే.

బయటికి వచ్చి తిక్కయ్య పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఇంటి వెనకనుంచి గాజుల చప్పుడు వస్తోంది, ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి, మధ్యలో ఖాజా నవ్వు. పెద్ద సారు వచ్చి ఉన్నా ఆమె ఆయన్నీ ఇక్కడికే పంపేది. ఊరందరి మాటా విన్న చెవి నాది. ఆ రోజు ఎంత చెవి పెట్టినా ఒక్క ముక్క అర్థం కాలేదు.

లైను బాగా పనిచేస్తోందని అట్లా తెలిసింది.